లవంగాల మేస్త్రీ ప్యాంటు

గోనెపిన్ని ఒకసారి చచ్చిపోయిన మనిషిని ప్యాంటులోంచి బయటికి లాగి సాగనంపింది. మాటవరసకి అంటున్నది కాదు. పట్టపగలు, నలుగురూ చూస్తుండగా, ఆమె కుట్టు కొస పట్టి లాగితే ఎడమ కాలు గుండా దిగి, కుంటుకుంటూ మిల్లు గేటు దాటి వెళ్ళిపోయాడా మనిషి. గేటు కాపలావాడు లేచి నిలబడి సలాం కూడా కొట్టాడు. నమ్మకం కుదరకపోతే కాపలావాణ్ణే అడగండి. అతను ఏది అడిగినా అవుననే అంటాడు.

ముందు ఆమె కొట్టు సంగతి చెప్పుకోవాలి. పిండిమిల్లు వెనక సందులో, రెండు గోడల మధ్య ఇరికించినట్టుండే ఒంటిగది అది. అందులో పనివాళ్ళ ప్యాంట్లు తప్ప ఇంకేమీ కుట్టరు. మిల్లువాళ్ళు మూల పడేసిన, గోనెసంచుల మూతులు కుట్టే పాత మిషనుని తెచ్చి, నూనె పోసి, తిట్టి దారికి తెచ్చుకుంది. అందుకే ఆమె గోనె అయింది. పిన్ని ఎందుకయిందంటే, ఇంకోలా పిలిచే ధైర్యం ఎవరికీ లేక. ఆ సందులో ప్యాంటు వేసుకుని తిరిగే ఆడమనిషి కూడా ఆమె ఒక్కతే. అది కూడా తను కుట్టుకున్నదే.

కొత్త ప్యాంటు కావాలని వచ్చినవాడికి ఆమె వెంటనే టేపు పెట్టదు. వాడు వేసుకొచ్చిన పాతదాన్ని ముందూ వెనకా తిప్పి చూస్తుంది. ఎక్కడ అరిగింది, ఎక్కడ నిగనిగలాడుతోంది, ఏ జేబు సాగింది అని చూసి వాడి బతుకంతా చెప్పేస్తుంది. తర్వాత బట్ట. వెలుతురుకి ఎత్తి పట్టుకున్నప్పుడు కిటికీ చువ్వలు కనబడితే ఆ బట్ట నేల తుడవడానికే. ఓ మూల తడిపి ఇటుకముక్కతో రుద్దుతుంది. ఆరాక నూగు లేస్తే పక్కన పడేస్తుంది. గట్టిగా ఉన్నంత మాత్రాన మంచి బట్ట కాదు, మడిస్తే మడతపడి, వదిలితే మళ్ళీ సర్దుకోవాలి. నచ్చిన తానుని నీళ్ళలో నానబెట్టి, కుంచించుకునేదంతా అక్కడే కుంచించుకోనిచ్చి, ఆ తర్వాతే కత్తెర పెడుతుంది. మోకాళ్ళకి రెండో పొర వేస్తుంది. ఆ పొర అడుగున కొంచెం సందు వదిలేస్తుంది, లోపల చేరిన దుమ్ము జారిపోవడానికి.

ఒకసారి ఇళ్ళకి రంగులేసేవాడు వచ్చి గొణిగాడు.

“కాస్త బిగుతుగా కుట్టు పిన్నీ. అందంగా ఉంటుంది.”

“గొంతుక్కూర్చో.”

“ఇక్కడా?”

“గోడకి కింది అంచు రంగు ఎవరేస్తారు, మీ అత్తగారా? కూర్చో.”

కూర్చున్నాడు. వేసుకొచ్చిన బిగుతు ప్యాంటు వెనకాల టప్పుమంది.

“అందం బయటపడింది. ఇప్పుడు చెప్పు, ఎంత వదులు కావాలి?” అంది పిన్ని, సుద్దముక్క చెవి మీంచి తీస్తూ.

ఆమె కుట్టిన ప్యాంటు చిరగదు. ఒక తాపీ పనివాడు పరంజా మీంచి జారి, ప్యాంటు కొక్కేనికి తగులుకుని, అందరూ భోజనాలు ముగించి వచ్చేదాకా అక్కడే వేలాడుతూ కునుకు తీశాడు. ఆగిపోయిన లారీని ఆమె కుట్టిన రెండు ప్యాంట్లు ముడేసి లాక్కెళ్ళారు. “నా కుట్టు ఊడిందని ఒక్కడు వస్తే, మిషను నెత్తిన పెట్టుకుని ఊరంతా తిరుగుతా” అనేది. ఎవరూ రాలేదు. ఆ గొప్పే చివరికి ఆమె పీక మీదికి వచ్చింది.

ఆమెకున్నది ఒక్క తమ్ముడు. చిన్నప్పుడే అమ్మ పోతే పిన్నే సాకింది. వాడికి మిల్లులో గొట్టాల పని దొరికింది. గింజలు నింపే ఇనుప గొట్టాలు మేడల్ని తలదన్నేంత ఎత్తుంటాయి. మిల్లువాళ్ళు వాటిని బావులంటారు, నేల మీద నిలబెట్టిన బావులు. ఖాళీ అయినప్పుడు పై మూతలోంచి దిగి, నిచ్చెన పట్టుకుని, గోడలకి అంటుకున్న గింజని గీకాలి. నడుముకి తాడు కట్టుకోవాలని నియమం ఉంది. ఆ తాడు మూత పక్కన మేకుకి వేలాడుతూ ఆ నియమాన్ని శ్రద్ధగా పాటిస్తుంటుంది.

వాడి కంటే ముందు ఆ పని చేసింది లవంగాల మేస్త్రీ. నోట్లో ఎప్పుడూ లవంగం ఉండేది కాబట్టి ఆ పేరు. ఎడమ మోకాలు తిన్నగా సాగేది కాదు. ఒకరోజు అతను బావి అడుగున చచ్చిపడి కనిపించాడు. ఎలా పడ్డాడో చూసినవాళ్ళు లేరు.

గొట్టాలవాళ్ళకి ఒక పద్ధతి ఉంది. పాతవాడు మానేసినా, పోయినా, అతని ప్యాంటు ఉతికి కొత్తవాడికి ఇస్తారు. పాత ప్యాంటుకి మెట్లన్నీ తెలుసని వాళ్ళ నమ్మకం. అది పనిలో, నలుగురి కళ్ళ ముందు తనంతట తాను చిరిగేదాకా కొత్తవాడు సొంతది వేసుకోకూడదు. కత్తెర పెడితే దొరికిపోతాడు. ఆ ముఠాకి పెద్ద ఊక తాత, కనుబొమల దాకా తవుడు పట్టిన ముసలాయన, చిరుగు అంచుని వేలితో తడిమి చెప్పేస్తాడు. అలా దొరికినవాడితో కలిసి ఎవరూ గొట్టంలోకి దిగరు. మామూలుగా ఆ పనిలో ప్యాంట్లు గట్టిగా ఓ వానాకాలం ఆగవు కాబట్టి ఎవరికీ ఇబ్బంది రాలేదు.

కానీ లవంగాల మేస్త్రీ ప్యాంటు కుట్టింది గోనెపిన్ని.

తమ్ముడు దాన్ని వేసుకుని గుమ్మంలో నిలబడగానే ఆమె గుర్తుపట్టింది. సాగని మోకాలి కోసం ఎడమ కాలు కాస్త వంపు తిప్పి కుట్టింది. కుడి తొడ మీద బుల్లి జేబు పెట్టింది, లవంగాలకి.

“ఎలా ఉందక్కా?”

“ఎవరు కుట్టారో గానీ బాగా కుట్టారు” అని నవ్వింది. ఆ నవ్వు ఆమెకి చాన్నాళ్ళు గుర్తుండిపోయింది.

కొన్నాళ్ళకి వాడు కుంటడం మొదలుపెట్టాడు. ముందు ప్యాంటు వేసుకున్నప్పుడే. తర్వాత లుంగీలో కూడా. కూర్చునేటప్పుడు ఎడమ కాలు సగం ముడిచి, చేత్తో మోకాలి మీద తట్టేవాడు. ఆ తట్టడం పిన్ని కొట్టులో ఎన్నోసార్లు చూసింది, మేస్త్రీ కొలతలిస్తూ కూర్చున్నప్పుడు. వాడి దగ్గర లవంగం వాసన వచ్చేది. చిన్నప్పుడు పంటినొప్పికి లవంగనూనె పెడితే వీధి చివరిదాకా పరుగెత్తిన పిల్లాడు వాడు.

“ఏరా, నోట్లో ఏంటది?”

వాడు ఆలోచించాడు. తన నోరు తనే వెతుక్కుంటున్నట్టు నాలుక తిప్పాడు. “ఏం లేదే” అన్నాడు. నిజంగానే ఏం లేదు.

“బావిలో మధ్యన ఒక మెట్టుందక్కా. అక్కడ ఆగితే భలే ఉంటుంది. గాలి కదలదు. పైన వెలుతురు పళ్ళెంలా కనబడుతుంది. ఇంక ఎక్కాలనీ అనిపించదు, దిగాలనీ అనిపించదు.”

పిన్ని ఊక తాతని సందులో నిలబెట్టి అడిగింది. “బాబాయ్, మావాడు ఎక్కడో ఆగుతున్నాడంటున్నాడు.”

ముసలాయన ఎటో చూశాడు. “మేస్త్రీ కూడా అక్కడే ఆగేవాడు. ఒక చెయ్యి వదిలి లవంగం తీసుకునేవాడు. వద్దురా అంటే వినేవాడు కాదు.”

“ఇప్పుడు మావాడు?”

“వాడి జేబులో లవంగాలైతే లేవు” అన్నాడు తాత. కనుబొమల మీది తవుడు తుడుచుకుని, “చెయ్యి మాత్రం వదుల్తున్నాడు.”

ఒక చెయ్యి వదిలినవాడు ఏదో ఒకరోజు రెండోదీ వదులుతాడు అనుకుంది పిన్ని.

సెలవు రోజు మధ్యాహ్నం వాడు స్నానానికి వెళ్ళగానే ఆమె కత్తెర పట్టుకుని పెరట్లోకి వెళ్ళింది. ప్యాంటు తీగ మీద ఆరుతోంది. గాలి లేదు. పక్కనున్న తువ్వాలు కదలడం లేదు. ప్యాంటు కుడి కాలు తిన్నగా వేలాడుతోంది. ఎడమ కాలు మాత్రం మోకాలి దగ్గర వంగి, మెట్టు మీద పెట్టినట్టు, కొద్దిగా పైకి లేచి ఉంది. ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది. వెచ్చగా ఉంది. ఎండకి ఉంటుంది కదా అనుకుంది. కుడి కాలు కూడా తాకి చూసింది. చల్లగా, తడిగా ఉంది.

కత్తెర తెరిచింది. చిరుగు కోసినట్టు కాక చిరిగినట్టుండాలంటే ఎక్కడ పెట్టాలో ఆమెకి తెలియనిది కాదు. కానీ చెయ్యి కదల్లేదు. తన కుట్టుని తనే కొయ్యడమా అన్న పంతం ఒకటి, ఎవరో తన వెనకే నిలబడి ఓపిగ్గా చూస్తున్నారన్న అనుమానం ఇంకొకటి. వెనక్కి తిరిగితే గోడ. గోడ మీద ప్యాంటు నీడ. నీడలో రెండు కాళ్ళూ తిన్నగానే ఉన్నాయి.

లవంగం వాసన గుప్పుమంది. కత్తెర అక్కడే వదిలేసి లోపలికి వచ్చేసింది. దాని మీద తుప్పు మచ్చ ఇప్పటికీ ఉంది, కావాలంటే చూపిస్తుంది.

మర్నాడు వాడు అన్నం క్యారియర్ మర్చిపోయి వెళ్ళాడు. ఆమె పట్టుకుని మిల్లుకి వెళ్ళింది. గొట్టం అడుగున మనిషి దూరేంత తలుపుంటుంది. ముఠా అంతా ఆ తలుపు చుట్టూ, మాటా పలుకూ లేకుండా, తలలు లోపలికి పెట్టి పైకి చూస్తున్నారు.

“ఎంతసేపట్నుంచి?” అంది పిన్ని.

“చాలాసేపట్నుంచి. పిలిస్తే పలకడం లేదు. గట్టిగా అరిస్తే ఆ మోతకి ఉలిక్కిపడి వదిలేస్తాడేమోనని...” అన్నాడు ఊక తాత.

ఆమె తల దూర్చి చూసింది. లోపల తవుడు పొగలా తేలుతోంది. సగం ఎత్తులో తమ్ముడు. ఎడమ కాలు వంచి ఉంది. ఎడమ చెయ్యి మాత్రమే నిచ్చెన మీద ఉంది. కుడి చెయ్యి తొడ మీది జేబులో, నెమ్మదిగా, వెతుకుతూనే ఉంది. ఎడమ చేతి వేళ్ళు ఒక్కొక్కటే వదులవుతున్నాయి.

పిన్ని క్యారియర్ తాత చేతిలో పెట్టింది. ముఠాలో ఒకడు ఆమె భుజం పట్టుకున్నాడు. ఆ చేతిని మేకు మీంచి ప్యాంటు తీసినట్టు తీసి పక్కన పెట్టింది. నిచ్చెన పట్టుకుంది.

ఎక్కుతుంటే మెట్లు ఆమె అరిచేతుల్లో వణికాయి. కింద వెలుతురు చిన్నదైపోయింది. వాడి పాదాలు ఆమె తల దగ్గరికి వచ్చాయి. ఇంకో రెండు మెట్లెక్కి, నిచ్చెన పక్క కమ్మీ చుట్టూ ఒక మోచెయ్యి మెలేసుకుంది.

“ఒరేయ్. రెండు చేతుల్తో పట్టుకో.”

పైనుంచి నెమ్మదైన గొంతు వచ్చింది. ఇనుప గోడల మధ్య అది వాడి గొంతులా లేదు.

“అమ్మాయ్, ఒక్క లవంగం. నోట్లో వేసుకుని దిగిపోతా.”

వాడు పుట్టి బుద్ధెరిగాక ఆమెని అమ్మాయ్ అని పిలవలేదు. కొలతలిస్తూ మేస్త్రీ ఒక్కడే అలా పిలిచేవాడు.

పిన్ని వాడి ఎడమ మోకాలి పొర అడుగున తను వదిలే సందులోకి రెండు వేళ్ళు పోనిచ్చింది. గోనెసంచి మిషను కుట్టేది గొలుసు కుట్టు. తప్పు కొస పట్టుకుంటే పదిమంది లాగినా బిగుసుకుంటుంది. సరైన కొస దొరికితే సంచి మూతి ఊడినట్టు మొత్తం ఊడొస్తుంది. ఆ కొసని ఆమె ఎప్పుడూ ఎవరికీ దొరక్కుండా ముడేసి పొర కింద దాస్తుంది. ఇన్నేళ్ళలో ఆ ముడి విప్పే అవసరం ఆమెకే రాలేదు. పళ్ళతో ముడి కొరికింది. దారం చేదుగా, లవంగంలా ఘాటుగా నాలుకకి తగిలింది. పట్టుకుని లాగింది.

సర్రుమన్న చప్పుడు గొట్టమంతా పాకింది. తొడ దాకా, అక్కణ్ణించి చీలమండ దాకా ఎడమ కాలు తలుపులా తెరుచుకుంది. మడతల్లో ఇరుక్కున్న తవుడు ఆమె ముఖం మీంచి కిందికి రాలింది. అంత తవుడు ఒక్క ప్యాంటులో పట్టదని తాత ఇప్పటికీ ఒట్టేస్తాడు. తవుడుతో పాటు, వాళ్ళందరి మధ్యలోంచి, తలుపులోంచి ఏదో వెచ్చగా వెళ్ళిపోయిందని కూడా అంటాడు.

పైన వాడు గబుక్కున రెండు చేతుల్తో నిచ్చెనని కావలించుకున్నాడు.

“అక్కా” అన్నాడు, పళ్ళు కొట్టుకుంటూ. “చలేస్తోంది. నా ప్యాంటేదీ?”

“దిగు. ముందు దిగు.”

కింద ఊక తాత ఊడిన అంచుని వేలితో, చివరిదాకా, తీరిగ్గా తడిమాడు. కత్తెర లేదు. పనిలో ఉండగా ఊడింది. నలుగురూ చూశారు. “చిరిగింది” అన్నాడు. ముఠా అంతా ఊపిరి వదిలింది. గేటు దగ్గర కాపలావాడు ఎందుకో లేచి నిలబడ్డాడు. మర్నాడు నేల మీది తవుడులో గేటుదాకా అడుగులు కనబడ్డాయి, ఎడమది ఈడుస్తూ. తమ్ముడు ఆ దారిన వెళ్ళలేదు.

ఆ వారమే పిన్ని తమ్ముడికి కొత్త ప్యాంటు కుట్టింది. తానుల మధ్య కూర్చోబెట్టి, వెలుతురుకి పట్టి చూపించి, గోటితో గీయించి, బట్ట వాడి చేతే ఎంచించింది. గొంతుక్కూర్చోబెట్టింది, బల్ల ఎక్కించింది, దించింది. వాడు కుంటలేదు. మిషను నెత్తిన పెట్టుకుని ఊరంతా తిరగాలి కదా అని రంగులేసేవాడు ఎగతాళి చేస్తే, సందు చివరిదాకా మోసుకెళ్ళి తెచ్చింది కూడా. నడుముకి తాడు కట్టుకోకుండా వాడు బావిలోకి దిగితే కాళ్ళు విరగ్గొడతానని ముఠా అందరికీ వినబడేలా చెప్పింది.

ఈ కథంతా ఆమె ఎదుటే చెబితే, దారం కొరికేదాకా ఆగి, తలెత్తకుండా ఇలా అంటుంది:

“ఎవరూ ఎక్కణ్ణించీ బయటికి రాలేదు. మేస్త్రీ మోకాలికని వంపు తిప్పి కుట్టిన కాలు మావాడు వేసుకున్నాడు, కుంటాడు. లవంగం వాసన ఉతికినా పోదు. గొలుసు కుట్టు కొస లాగితే ఊడుతుంది, లాగింది నేను. అప్పట్నించీ తొడ మీద జేబు ఎవరికీ పెట్టడం లేదు.”