రాగి గిన్నెలో అవ్వకు వైద్యం

మా అవ్వను, అంటే నన్ను కన్నతల్లిని, నేనొకసారి సముద్రపు నత్తను చేయబోయాను. నవ్వడానికి తొందరపడకండి, అసలు ఘోరం ముందుంది.

పంతొమ్మిదివందల నలభైల నాటి మాట. పట్నంలో ఇంటర్మీడియట్ చదువుతూ సెలవులకు మొయినాబాద్ దగ్గర మా ఊరు హిమాయత్‌నగర్ వచ్చాను. అవ్వ పాలిపోయి ఉంది. చేనుకు పోయివస్తే చాలు, గడపలో కూలబడి ఆయాసపడేది. దవాఖానలో రక్తం తక్కువుందని ఇనుము మందు సీసా ఇచ్చారు. నాకు లోలోపల చెప్పలేనంత భయం. అవ్వ తప్ప నాకెవరూ లేరు.

భయానికి చదువు తోడైంది. మన రక్తంలో ప్రాణవాయువును మోసేది ఇనుమైతే, సముద్రంలో చాలా నత్తలకు, ఆక్టోపస్‌లకు ఆ పని రాగి చేస్తుందని, గాలి సోకితే వాటి రక్తం నీలమవుతుందని అప్పుడే చదివాను. అవ్వకు ఇనుము ఒక్కటే మోయలేకపోతోంది కదా, రాగి కూడా ఓ చెయ్యి వేస్తే? కొత్త బిచ్చగాడు పొద్దెరగడు, కొత్త శాస్త్రజ్ఞురాలు చింతపండు ఎరగదు.

ఆరోజే కళాయి సాయిబు వచ్చి, పూత వేస్తానని మా రాగి గిన్నె అడిగాడు. లోపలి తగరం పూత ఎప్పుడో అరిగిపోయింది.

"కళాయి వద్దు. రాగి కడుపులకు పోవాలె," అన్నాను.

"పుల్లటిది కాస్తే కిలుం దిగుతది బిడ్డ. పానం ఖరాబయితది."

"నత్తలకు ఏం కాదు."

సాయిబు అవ్వ వైపు చూశాడు. "సదువుకున్నది గద, పోనియ్," అంది అవ్వ.

ఆ గిన్నెలోనే చింతపండు చారు కాచి, పొద్దుగూకేదాకా అందులోనే ఉంచాను. అవ్వ ఒక గుక్క తాగి, ఆగి, నా ముఖం చూసి ముంతెడూ తాగేసింది. వైద్యురాలిని కదా, నేనూ తాగాను. కాసేపటికే ఇద్దరం పెరట్లో చెరో గోడ పట్టుకుని కడుపులోనిదంతా కక్కుకున్నాం.

"బిడ్డ, ఒక్కటి చెప్పు," అంది అవ్వ మధ్యలో ఊపిరి తీసుకుని. "సముద్రంల నత్తలకు చింతపండు చారు ఎవలు కాస్తరు?"

నవ్వాలో ఏడవాలో తెలియక ఏడ్చాను. "కిలుం సంగతి నీకెరుకే గద అవ్వ. ఎందుకు తాగినవ్?"

"నాకోసం పొయ్యి ముట్టిచ్చినవ్. ఎట్ల పారబోస్త?"

మర్నాటి నుంచి ఇనుము మందు నా చేత్తోనే పట్టాను. నెలలు పట్టినా అవ్వ తేరుకుంది. సాయిబు కొత్తగా వేసిన కళాయితో తళతళలాడే ఆ గిన్నె మీద చెయ్యి వేసి ప్రమాణం కూడా చేశాను: ఇకమీదట నీలి రక్తం ఉన్నవాళ్లకు తప్ప ఎవరికీ వైద్యం చేయనని. ఇన్నేళ్లయింది, ఒక్క రోగీ మా గడప తొక్కలేదు.