అక్క కోసం తిన్న టిఫిన్లు

జగదల్‌పూర్ హోటళ్లవాళ్లంతా కలిసి ఆదివారం పొద్దున్న టిఫిన్ల పోటీ పెడుతున్నారని ఆటోలో మైకు పెట్టి చెప్పుకుంటూ పోతున్నప్పుడు, నేను అక్క ముక్కులో ఉన్న గొట్టంలోకి జావ పోస్తున్నాను.

అక్క అంటే నా తోడికోడలు. మా బావగారు రైల్వేలో పట్టాల పని చేస్తూ చాలా ఏళ్ల కిందటే పోయారు. పిల్లలు లేరు. అప్పటినుంచి అక్క మాతోపాటే రైల్వే క్వార్టర్లో ఉంది. ఖాళీగా కూర్చోవడం చేతకాని మనిషి. కిరండూల్ నుంచి ఇనుప రాయి మోసుకొచ్చే బళ్ల మీద పనిచేసే డ్రైవర్లకీ గార్డులకీ ఇడ్లీలు, దిబ్బరొట్టెలు చేసి అమ్మేది. విజయనగరం నుంచి వచ్చినవాళ్లు ఆ రొట్టె తిని, ఇంటికి వెళ్లొచ్చినట్టుందని చెప్పేవారు.

పోయిన చలికాలంలో ఒకరోజు అన్నం తింటూ ఆగిపోయి, “ముద్ద దిగట్లేదే” అంది. నీళ్లు తాగమన్నాను. మరో నెలకి నీళ్లు కూడా కష్టమయ్యాయి. విశాఖపట్నం తీసుకెళ్లాం. అన్నం దిగే దారిలో పుండు లేచిందనీ, ముదిరిపోయిందనీ, కోసినా లాభం లేదనీ డాక్టరు చెప్పారు. ముక్కులోంచి కడుపులోకి సన్నటి గొట్టం వేసి, పల్చటి జావలూ పాలూ ఎలా పొయ్యాలో నాకు నేర్పించి ఇంటికి పంపేశారు.

నోట్లో మాత్రం ఏమీ పెట్టకూడదు. రుచైనా తెలుస్తుందని మొదట్లో ఒకసారి అక్క నాలుక మీద చిటికెడు పచ్చడి పెట్టాను. నోరు ఊరింది. ఆ ఊరిన నీళ్లు దిగక ఊపిరితిత్తుల వైపు పోయాయి. మొహం నల్లబడిపోయేదాకా దగ్గింది. ఆ తర్వాత నేను మళ్లీ అలాంటి పని చెయ్యలేదు, అక్క అడగనూలేదు.

మైకు మాటలు విని అక్క, “నన్నొకపాలి అక్కడికి తీసుకెళ్లవే” అంది.

“నువ్వేం తింటావక్కా?”

“నాను తింటానన్నానేటి? నువ్వు తిను. ఎలగుందో నాకు చెప్పు.”

మా ఆయన ఒప్పుకోలేదు. “గొట్టంతో అంతమంది మధ్యకా వదినా? అందరూ నిన్నే చూస్తారు” అన్నాడు.

“సూడనీరా. ఇంకెన్నాళ్లు సూస్తారు?” అంది అక్క. ఆయన మర్నాడే ఆటో మాట్లాడి పెట్టాడు.

ఆదివారం పొద్దున్న అక్క ఉతికిన చీర కట్టుకుంది. గొట్టం చివర చెవి పక్కన అతికించి, కొంగు కప్పుకుంది. ఊసుకోవడానికి తువ్వాలు, తాగే వేళకి పొయ్యడానికి పెద్ద సిరంజీ, నీళ్లసీసా సంచిలో పెట్టుకుని బయలుదేరాం.

మైదానంలో వరసగా షామియానాలు వేశారు. లోపలికి వెళ్లేటప్పుడు ఒక బిళ్ల ఇచ్చారు. ప్రతి హోటల్ బల్ల దగ్గరా ఆకుదొన్నెలో కొంచెం రుచి చూపిస్తారు. అన్నీ తిని, మనకి నచ్చినవాళ్ల డబ్బాలో బిళ్ల వెయ్యాలి. అక్కని కుర్చీలో కూర్చోబెట్టి మొదటి బల్ల దగ్గర పోహా తెచ్చాను. అక్క ఎదురుగా తినడానికి చెయ్యి రాలేదు. కానీ ఆవిడ నా నోటివైపే చూస్తోంది.

“బాగుందక్కా.”

“ఏటే ఆ మాట? బాగుందంటే నాకేటి తెలుస్తాది? అటుకులు నానేయా? ఉప్పు సాలిందా?”

ఈసారి మెల్లగా నమిలాను. “అటుకులు మరీ మెత్తబడిపోయేయి. నిమ్మకాయ ఎక్కువ పిండేడు. పైన కారప్పూస ఇంకా కరకరలాడతంది.”

“సోంపు ఏసేడా?”

“వేసేడు.”

“ఇక్కడోళ్లు ఏస్తారు” అని తల ఊపింది.

తర్వాత బియ్యప్పిండి అట్టులాంటి చీలా, ఆ తర్వాత ఇడ్లీ. ఇడ్లీ సోడా వాసన వేస్తోందని చెబితే అక్కకి నవ్వొచ్చింది. “పిండి పులిసేదాకా ఆగలేడు ముండాకొడుకు” అంది. ఆ నవ్వే దగ్గయింది. వీపు రాస్తూ నిలబడ్డాను. చూసేవాళ్లు చూశారు. కొందరు పిల్లల్ని పక్కకి లాక్కున్నారు.

అన్నిటికంటే పెద్ద గుంపు దోశ బల్ల దగ్గర ఉంది. పెనం మీద వెన్న కాలుతున్న వాసన మైదానమంతా కమ్ముకుంది. మేం అక్కడికి వెళ్లేసరికి అక్క నోరు ఊరడం మొదలైంది. తువ్వాల్లో ఊసింది, మళ్లీ ఊసింది. ఆపుకోవడం ఆమె చేతిలో లేదు. లైన్లో నిలబడ్డ ఒకావిడ ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుంది. బల్ల వెనకనుంచి ఒకాయన నా దగ్గరికి వచ్చి, “దీదీ, అమ్మగారిని కొంచెం అటు తీసుకెళ్లండి. జనం తింటున్నారు కదా” అని హిందీలో మెల్లగా అన్నాడు. దురుసుగా అని ఉంటే దెబ్బలాడేదాన్ని. మర్యాదగా అన్నాడు.

అక్కకి నాకంటే హిందీ బాగా వచ్చు. అప్పటికే వెనక్కి తిరిగింది. “పద పిల్లా. ఆడు సెప్పింది నిజమే.”

మైదానం చివర ఎవరూ లేని బల్ల ఒకటి ఉంది. బస్టాండు దగ్గరి చిన్న హోటల్ వాళ్లది. దాని వెనక మా వయసే ఉన్న ఒకావిడ అల్యూమినియం గిన్నె ముందు పెట్టుకుని కూర్చుంది. గిన్నెలో మండియా పేజ్. రాగిపిండి రాత్రి నానబెట్టి, పులిశాక నూకలు వేసి కాచే గంజి. ఆవిడ మొదట అక్కకి తన కుర్చీ ఇచ్చింది. గొట్టం వైపు కాసేపు చూసి, అది దేనికని అడిగింది. చెప్పాను.

“పేజ్ తో పానీ హై. పిలా దో” అంది. నీళ్లలాంటిదే కదా, పొయ్యమని.

నేను వద్దన్నాను. వడకట్టకపోతే గొట్టం మూసుకుపోతుంది. అక్క మాత్రం సంచిలోంచి సిరంజి తీసి నా చేతిలో పెట్టింది. “ఎలాగా తాగే ఏళయింది. ఇదే పొయ్యి.”

ఆవిడ ఉతికిన గుడ్డ ఇచ్చింది. రెండుసార్లు వడకట్టి, నీళ్లు కలిపి, సిరంజి పైకెత్తి పట్టుకుని కొంచెం కొంచెంగా పోశాను. చివర నీళ్లు పోసి గొట్టం కడిగి మూతపెట్టాను.

“ఏమైనా తెలిసిందా?”

“కడుపులో సల్లగుంది. అంతే.”

కాసేపటికి అక్కకి తేన్పు వచ్చింది. గభాలున నా చెయ్యి పట్టుకుంది. కళ్లు పెద్దవి చేసి, నోరు మూసుకుని, కదలకుండా కూర్చుంది. భయమేసి, “ఏమైందక్కా?” అన్నాను.

“పులుపొచ్చిందే. నోట్లోకొచ్చింది. చోడంబలి ఇది. మా యమ్మ కాసిన చోడంబలే.”

నాకు సంతోషం వేసింది. నేను కూడా ఒక దొన్నె తాగాను. అదే పులుపు, వెనక కొంచెం మట్టివాసన. ఆ పూట ఇద్దరం కలిసి తిన్నది అదొక్కటేనని చెప్పబోయాను. అంతలో అక్క నా చేతిలోని దొన్నె వైపు చూసింది.

“ఒక్క గుక్క ఇయ్యవే.”

“అక్కా, వద్దు.”

“మింగనే. నోట్లో ఎట్టుకుని ఊసేస్తాను.”

“ఆవేళ ఏమైందో మర్చిపోయేవా?”

“ఒక్క గుక్క.”

గొట్టం వేసినప్పటినుంచి అక్క నోట ఆకలి అన్న మాట వినలేదు. ఇప్పుడు చిన్నపిల్లలా దొన్నె కోసం చెయ్యి చాపింది. నేను మిగిలింది గడ్డిలో పారబోశాను. అక్క మొహం తిప్పేసుకుంది. గిన్నె దగ్గరి ఆవిడకి మా మాట తెలియకపోయినా విషయం అర్థమైనట్టుంది. తల వంచుకుని గరిటె కడుక్కుంటూ కూర్చుంది.

వెళ్లేముందు అక్క బిళ్ల తీసుకుని ఆ డబ్బాలో వేసింది. మేం ఆటో ఎక్కుతుంటే, దోశ హోటల్ గెలిచిందని మైకులో చెప్పారు.

మర్నాడు రాగిపిండి తెప్పించి అంబలి కాచడం మొదలుపెట్టాను. పోసిన ప్రతిసారీ అక్క తేన్పు కోసం కాచుకుని కూర్చునేది. ఒక్కోరోజు వచ్చేది, ఒక్కోరోజు వచ్చేది కాదు. రాని రోజు గోడవైపు తిరిగి పడుకునేది. వచ్చిన రోజు మాత్రం తప్పకుండా, “ఒక్క గుక్క” అనేది. నేను వద్దనేదాన్ని. మా ఆయన ఒకరోజు వంటింట్లోకి వచ్చి, “ఇచ్చీరాదేటే? ఇంకేటైపోతాది?” అన్నాడు.

“ఊపిరాడక గిలగిల్లాడుతుంటే నువ్వు పట్టుకుంటావా?” అని అరిచాను. ఆయన బయటికి వెళ్లిపోయాడు. అక్క అదంతా వింటూనే ఉంది.

వానలు మొదలయ్యాక అక్క అడగడం మానేసింది. మనిషి ఎముకల గూడైపోయింది. పోసింది కూడా గొట్టం పక్కనుంచి వెనక్కి వచ్చేస్తోంది. ఇంటికొచ్చి చూసిన డాక్టరు ఇంక పొయ్యొద్దన్నారు. నోటికి ఏం కావాలంటే అది తడపండి, ఇంక ఫరవాలేదన్నారు. ఆ సాయంత్రం అంబలి కాచి, దూది ముంచి, అక్క పెదాలకి అద్దాను. అక్క కళ్లు తెరిచి నన్ను చూసింది. నాలుక బయటికి పెట్టలేదు. తల కొంచెం పక్కకి తిప్పింది. మళ్లీ అద్దాను, మళ్లీ తిప్పింది. అడిగినన్నాళ్లూ ఇవ్వకుండా, అడగడం మానేశాక పట్టుకొచ్చానని అనుకుందో, లేక ఏమీ అక్కర్లేని చోటికి అప్పటికే వెళ్లిపోయిందో. రెండోదే అనుకోవాలని నా ప్రయత్నం.

తెల్లారేసరికి పోయింది. వానలోనే తీసుకెళ్లారు.

నేను ఇవ్వకపోవడం సరైన పనేనని డాక్టరు అన్నారు. మా ఆయన కూడా తర్వాత ఆ మాటే అన్నాడు. నాకూ తెలుసు. తెలిసినంతమాత్రాన ఒరిగిందేమీ లేదు. ఇప్పుడు మా ఇంట్లో పొద్దున్న టిఫిన్ చెయ్యడం లేదు. ఆయన స్టేషన్ దగ్గర ఏదో తిని డ్యూటీకి వెళ్తాడు. నేను పన్నెండు దాటాక ఇంత అన్నం వండుకుంటాను.