ఆఖరి రోజు అమ్మకం

రాజమండ్రి మెయిన్‌రోడ్డులో జోగేశ్వరరావు పెట్టిన బట్టల కొట్టు, చీరల నుంచి స్టీలు సామాను దాకా అమ్మే మేడగా పెరిగి, జంగారెడ్డిగూడెం వరకూ ఊరూరా వెలిసింది. జనం ఫోన్లలో కొనడం మరిగాక ఒక్కొక్కటే మూతపడి మొదటిదే మిగిలింది. చీరల సెక్షన్ నూకరత్నం అందులో మొదటి నుంచీ ఉంది. కొంగు నడుముకి బిగించి, ఎంత పెద్ద చీరనైనా రెండు విసుర్లలో మడతపెట్టేది. విసుక్కునేవాళ్ళతో కూడా, "కొనకపోయినా పర్లేదు, చూడండమ్మా" అనేది.

మూసేసే రోజు అంతా సగం ధరకే అన్నారు. షట్టర్ లేవగానే జనం అద్దం తలుపు బద్దలుకొట్టుకుని లోపలికి దూసుకొచ్చారు. ఒక ముసలామె కిందపడితే ఆమెను తొక్కుకుంటూనే పోయారు. నూకరత్నం ఇనప మీటరు బద్ద అందుకుని, అడ్డొచ్చిన వీపుల మీదా మోకాళ్ళ మీదా బాదుకుంటూ వెళ్ళి ఆమెను ఈడ్చుకొచ్చింది.

"కస్టమర్లను కొడతావేంటి?" అని జోగేశ్వరరావు కౌంటర్లోంచి అరిచాడు.

"మనిషి చచ్చిపోతోందండీ!" అంటూ నూకరత్నం చేతికందిన పట్టుచీరను ముసలామె తలకు అదిమింది. నెత్తురు జరీలోకి ఇంకుతుండగానే ఎవరో ఆడమనిషి రెండో కొస పట్టుకుని లాగింది.

"వదులమ్మా, దీన్ని నేను ముందు చూశాను."

నూకరత్నం బద్ద ఎత్తి ఆ మణికట్టు మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు జోగేశ్వరరావుకి కూడా వినిపించింది. అతను కౌంటర్ దిగి, కిందపడ్డ చీరల మీద నుంచే గుమ్మం దాకా నడిచి, బయట ఇంకా తోసుకొస్తున్న జనం ముఖాల ముందే షట్టర్ కిందికి లాగేశాడు.