కదలకుండా నిలబడే ఉద్యోగం

అప్పట్లో మా ఉప్పుగూడలో ఒంటికి రెండే పనులుండేవి: పొద్దంతా కష్టపడడం, రాత్రయితే పడుకోవడం. ఒంటినే నమ్ముకుని ఒక కళ నేర్చుకోవచ్చనీ, దానితో అన్నం తినొచ్చనీ, దానివల్ల మనిషే మారిపోవచ్చనీ ఎవరైనా చెబితే, మా బాపు మొదట వాళ్ళ నుదురు ముట్టుకుని జ్వరం ఉందేమో చూసేవాడు. అలాంటి ఇంట్లో పుట్టిన నేను ఇవాళ మాటల్లేని ప్రదర్శనలిస్తూ, నలుగురికీ నిలబడడం, కూర్చోవడం, ఊపిరి తీసుకోవడం నేర్పిస్తూ బతుకుతున్నానంటే అందుకు కారణం ఒక పెళ్ళి. (నాది కాదు.)

డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్న రోజులు. నాకు కుదురనేదే లేదు. కూర్చుంటే మోకాళ్ళు ఊగేవి, నిలబడితే వేళ్ళు గోడకున్న సున్నం గీకేవి. మా అమ్మ నన్ను గిర్నీ అని పిలిచేది, పిండి ఉన్నా లేకున్నా తిరుగుతూనే ఉంటానని. బాపు తనకు తెలిసినాయన ఆఫీసులో నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాలని నిశ్చయించాడు. పొద్దస్తమానం ఒకే కుర్చీలో కూర్చోవాలన్న ఊహకే నా కాళ్ళు గిలగిల్లాడాయి. సరిగ్గా అప్పుడే మా గల్లీలో పెళ్ళిళ్ళకు అలంకరణ చేసే లైటింగ్ భాయ్ వచ్చి, ఫంక్షన్ హాల్లో ఆడవాళ్ళ వైపు నిలబడడానికి ఒక అమ్మాయి కావాలని అడిగాడు. ముఖానికీ చేతులకూ వెండిరంగు పూసుకుని, వెండిరంగు చీర కట్టుకుని, పన్నీరు బుడ్డి పట్టుకుని గుమ్మం దగ్గర బొమ్మలా నిలబడాలి. అప్పటిదాకా ఆ పని చేసిన వాళ్ళ అక్కకు (గల్లీ అంతా ఆమెను ఆపా అనేది) మోకాళ్ళు అరిగిపోయాయట. నిలబడడమే కదా, కూర్చోనక్కర్లేదు కదా అని నేను వెంటనే ఒప్పేసుకున్నాను. అమ్మ నవ్వాపుకోలేక చాప మీద కూలబడింది. బాపు మాత్రం నవ్వలేదు. ఈ ఒక్క పెళ్ళి చూస్తాననీ, అక్కడ నవ్వులపాలైతే మర్నాడే కంప్యూటర్ ముందు కూర్చోవాలనీ షరతు పెట్టాడు.

ఆపా వాళ్ళ వరండాలో నా శిక్షణ మొదలైంది. నేను ఊపిరి బిగబట్టి, పళ్ళు కరుచుకుని నిలబడేదాన్ని. కాసేపటికే ముఖం కందిపోయి, దగ్గు ముంచుకొచ్చి, కూజా మీద పడబోయేదాన్ని. ఆపా తిట్టేది కాదు, కూజాను కాస్త దూరం జరిపేది. ఒకరోజు బియ్యం చెరుగుతున్నదల్లా చేట పక్కన పెట్టి, ఆ అరిగిన మోకాళ్ళతోనే లేచి నా ఎదుట నిలబడింది. ఆ తర్వాత జరిగింది ఎలా చెప్పాలో నాకిప్పటికీ తెలియదు. ఆమె ఏమీ చేయలేదు. కానీ వరండాలో గాలి సర్దుకున్నట్టయింది. ఎక్కడిదో ఒక పావురం వాలి, ఆమె పాదాల మధ్య రాలిన నూకలు తిని, ఏ తొందరా లేకుండా వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. మనిషి ఒళ్ళు అంత పెద్దదని, అందులో అంత చోటుందని అప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు.

"నువ్వు ఒంటితోని కుస్తీ పడుతున్నవ్ బేటా," అంది ఆపా మళ్ళీ కూర్చుంటూ. "దాన్ని పట్టుకోకు. బరువంతా పాదాలకిచ్చెయ్. ఊపిరి దాని తొవ్వన అది పోతది. నువ్వు ఊకె చూస్తుండు."

పెళ్ళి చాంద్రాయణగుట్ట దగ్గరి ఒక హాల్లో, పగటిపూట. ముందు పిల్లలు వచ్చి నన్ను పొడిచి చూశారు. వాళ్ళలో ఒకడు సగం తిన్న బిస్కెట్ నా గుప్పిట్లో దాచిపెట్టి వెళ్ళాడు. తర్వాత ఒక భారీ మనిషి వచ్చి, అటూ ఇటూ చూసి, చాచి ఉన్న నా చేతికి తన హ్యాండ్‌బ్యాగ్ తగిలించింది. అది చూసి ఇంకొకామె బురఖా మడిచి నా భుజం మీద వేసింది. మరొకామె గొడుగు. (వానాకాలం కూడా కాదు.) ఆడవాళ్ళ వైపు కాబట్టి లైటింగ్ భాయ్ లోపలికి వచ్చి నన్ను ఆదుకోవడానికి లేదు. ముక్కు మీద రంగు ఎండి దురద మొదలైంది. మర్నాటి కంప్యూటర్ కళ్ళముందు కనబడింది. ఇక చేసేదేమీ లేక బరువంతా పాదాలకు ఇచ్చేశాను. దురద వచ్చింది, కాసేపుంది, పోయింది. హాలు లొల్లి అంతా నాలోకి వచ్చి, నాలోంచే బయటికి పోతున్నట్టుంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నాకు ఎక్కడికీ వెళ్ళాలనిపించలేదు.

అప్పుడు కనబడింది పెళ్ళికూతురు. ఎదురుగా వేదిక మీద, నాకంటే ఎక్కువ బరువు మోస్తూ, నాలాగే కదలకుండా కూర్చుని ఉంది. ఊపిరి అందక భుజాలు చెవులదాకా లేచిపోయాయి. చుట్టూ అందరూ ఫోటోల హడావిడిలో ఉన్నారు. ఆమె తలెత్తి నన్ను చూసింది. పిలుద్దామంటే నేను బొమ్మను. నాకున్నది ఊపిరొక్కటే. ఆమెకు కనబడేలా ఛాతీ నిండా తీసుకున్నాను, మెల్లగా వదిలాను. మళ్ళీ తీసుకున్నాను. ఆమె చూస్తూనే ఉంది. కాసేపటికి ఆమె భుజాలు దిగాయి. అంత జనంలో ఎవరికీ తెలియకుండా మేమిద్దరం ఒకే ఊపిరి పీల్చుకున్నాం.

భోజనాలయ్యాక భారీ మనిషి బ్యాగ్ తీసుకోవడానికి వచ్చింది. ఈ స్టాండు మస్తు మజ్బూత్‌గా, గట్టిగా ఉంది, ఇంట్లోకి ఒకటి కొనాలని పక్కామెతో అంది. "పత్తర్‌గట్టి బజార్ల దొరుకుతదేమో అడగాలె," అంది పక్కామె. కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. దాన్నీ వచ్చిన దారినే పోనిచ్చాను. కళ్ళ నీళ్ళు మాత్రం వెండిరంగులో రెండు చారలు తీసుకుంటూ దిగాయి.

బయట స్కూటర్ దగ్గర బాపు నిలబడి ఉన్నాడు. చారలు చూసి ఏడ్చానేమో అనుకున్నాడు. తర్వాత నా చేతులు చూశాడు, కాళ్ళు చూశాడు.

"ఇంత నిమ్మళంగ నిన్ను ఎన్నడూ చూడలే బిడ్డా," అన్నాడు. ఆ కంప్యూటర్ ఊసు మళ్ళీ ఎత్తలేదు.

కొన్ని వారాలకు ఆ పెళ్ళికూతురే లైటింగ్ భాయ్‌ని అడిగి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఆ రోజు తనకేం చేశానని అడిగింది. ఏమీ చేయలేదు, ఊరికే ఊపిరి తీసుకున్నానని చెప్పాను.

"గదే నాకు నేర్పు," అంది.

ఆమె నా మొదటి విద్యార్థిని. ఆమె వెంట ఆమె ఆడపడుచు, ఆమె వెంట నాటకాలాడే ఒకమ్మాయి, ఆ అమ్మాయి వెంట ఒక చిన్న స్టేజీ. అలా ఇప్పటిదాకా వచ్చాను.

మొన్న ఒక కాలేజీలో, ఈ క్షణంలో ఎరుకతో ఉండడమెలా అన్న విషయం మీద గొప్పగా క్లాసు చెప్పి బస్సెక్కాను. కిటికీ పక్కన హాయిగా నిలకడగా కూర్చున్నాను. ఎంతసేపటికో కండక్టరమ్మ వంగి, "పాణం మంచిగుందా అక్కా?" అని అడిగింది. చూస్తే నేను దిగాల్సిన స్టాపు ఎప్పుడో దాటిపోయింది, బస్సు డిపోలో ఉంది, అందరూ దిగిపోయారు. మంచిగనే ఉందని చెప్పి దిగి, దాటిపోయిన దారంతా ఇంటికి నడిచాను. ఎదురొచ్చినవాళ్ళు, ఈ నెరిసిన తలామె ఒక్కతే ఎందుకు నవ్వుకుంటోందో అని చూస్తూ పోయారు.