సుదర్శన రాజా మంచం

మా సుదర్శన రాజా మామకు అలగడం ఒక్కటే వచ్చు. అలిగితే నోటితో చెప్పడు. లోపలినుంచి నులక మంచం తెచ్చి వీధి వాకిట్లో వాల్చి, గోడవైపు తిరిగి పడుకుంటాడు. కొత్త అల్లుడు అలకపాన్పు ఎక్కడం అందరూ చూసిందే, కాని అది ఒక్క పూట ముచ్చట. మా మామ పెళ్ళై ముప్పై ఏళ్ళయినా దిగలేదు.

సాంబారులో ఉప్పు తక్కువైతే మంచం. మంగలి ఆలస్యంగా వస్తే మంచం. తళవాయిపురం బస్సు తనకోసం ఆగలేదని ఒకసారి మంచం. ఆ డ్రైవరుకు ఈయన అలిగిన సంగతి ఎట్లా తెలుస్తుందని అడిగితే, "తెలిసేదాకా లేవను" అన్నాడు. రంగనాయకి అత్త మాత్రం ఏమీ అనదు. మంచం కొస ఎత్తి కింద ఊడ్చుకుని పోతుంది.

ఇంటి అలకలు ఇంట్లోనే తీరేవి. ఎలక్షన్ అలక అట్లా కాదు. అప్పట్లో ఓటు అందరికీ లేదు. పన్ను కట్టేవాళ్ళకు, చదువుకున్నవాళ్ళకు, ఇంకా కొందరికి మాత్రమే. మా వీధిలో నలభై ఓట్లు, అన్నీ మామ మాట మీదే; మామ పడుకుంటే నలభై పడుకున్నట్టే. పందొమ్మిది వందల ముప్పై ఏడు ఎలక్షన్లో పార్టీకొక రంగు ఓటు పెట్టె; మా పార్టీది పసుపు పెట్టె, నేను వాలంటీర్ని. పోలింగు వారం ఉందనగా మంచం బయటికి వచ్చింది.

"ఏమయింది మామా?"

"ఓటు లేదు, పో. సెక్రటరీని రమ్మను."

మా పార్టీ సెక్రటరీ బాలగోపాల రాజా రొప్పుతూ వచ్చాడు. మామ అతని చెవిలో ఏదో చెప్పాడు. "సరి, చేస్తాము" అన్నాడతను. మామ లేచి కాపీ తాగి, పోలింగు రోజు అందరికంటే ముందు వెళ్ళి నిలబడ్డాడు. ఏమి అడిగాడో ఎవరికీ తెలియదు. జరీ కండువా అని కొందరు, మీటింగులో ముందు వరస కుర్చీ అని కొందరు అన్నారు. నేను కుర్చీ పక్షం. తొమ్మిదేళ్ళు ఆ కుర్చీ చెప్పుకుని నవ్వాను కూడా.

నలభై ఆరులో మళ్ళీ ఎలక్షన్, మళ్ళీ మంచం. ఈసారి నెల ముందే. సెక్రటరీ వచ్చి అలవాటుగా చెవి వంచాడు. మామ వీధంతా వినబడేలా అరిచాడు.

"పోయిన తూరి ఏమి చెప్పినావు? వెళ్ళత్తాయి వీధిలో బావి తవ్విస్తామంటివే! ఏదప్పా బావి?"

 వెళ్ళత్తాయి అంటే, మా మామ పత్తి చేలో కూలికి వచ్చే ఆడమనిషి. ఆ వీధి ఆడవాళ్ళు నీళ్ళకు మైలు నడవాలి.

"నడుమ జైలుకు పోయినాము, యుద్ధం వచ్చినాది..." సెక్రటరీ నసిగాడు.

"బావికి యుద్ధంతో ఏమి పని? గడ్డపార పట్టు."

సెక్రటరీ వెళ్ళాక నేను సిగ్గుపడుతూనే అడిగాను. "మాకు ఎందుకు చెప్పలేదు మామా?"

"చెప్తే మంచోడంటారు. మంచోడు అలిగితే ఎవరు భయపడతారురా? ఆ వీధికంతా ఒకే ఓటు. మొదటి యుద్ధంలో పోయిన మొగుడి పింఛనుతో ఆయమ్మకు వచ్చిన ఓటు. ఒక్క ఓటు అలిగితే ఏ సెక్రటరీ వస్తాడు? అందుకే ఆయమ్మ అలక నేను అలుగుతుండా."

ఖద్దరు చొక్కాలు విప్పి బావి గుంత తవ్వడానికి మేమే దిగాము. నెలంతా తవ్వినా పోలింగు రోజు పొద్దుటికి తడి మట్టే వచ్చింది, నీళ్ళు రాలేదు. వెళ్ళత్తాయి మట్టికుప్ప మీద కూర్చుంది.

"నేను రాను సామి. ఓటు పడినంక మీవాళ్ళు గుంత పూడ్చి పోతారు."

మామ బిక్కమొహం వేశాడు. జన్మంతా అలిగినవాడే కాని, ఒకరి అలక తీర్చి ఎరగడు.

"కాపీ తాగుతావా?"

"వద్దు సామి."

"జరీ కండువా?" అన్నాను నేను. మామ నావైపు ఉరిమి చూశాడు.

చివరికి ఆయన కూడా మట్టిమీదే చతికిలబడ్డాడు. "వెళ్ళత్తాయీ, మనం పోకుంటే వీళ్ళు ఓడిపోతారు. ఓడినోడిని బావి అడిగేదెట్లా? ఓటు వేస్తాము. అలక మానము."

"మీరు ఇంటికి పోయి మీ వాకిట్లో అలుగుతారు. ఇక్కడ ఎవరు అలిగేది?"

మామ నావైపు తిరిగి, "రేయ్, మంచం ఎత్తుకురా" అన్నాడు.

మంచం గుంత అంచున పడ్డాక ఆమె లేచింది. మామ బండి కట్టి తనే తోలుకుపోయాడు. రెండు ఓట్లూ పసుపు పెట్టెలో పడ్డాయి.

మేము గెలిచాము. ఊరంతా మేళాలు, దండలు. మామ ఊరేగింపుకు రాలేదు. గుంత దగ్గర మొహం తిప్పుకోవడానికి గోడ లేదు కాబట్టి సెక్రటరీ ఇంటివైపు వీపు పెట్టి పడుకున్నాడు. సెక్రటరీ దండ తియ్యకుండానే వచ్చి గడ్డపార పట్టాడు. రంగనాయకి అత్త అక్కడికీ వచ్చి, మంచం కొస ఎత్తి కింద ఊడ్చి వెళ్ళింది.

తొమ్మిదో రోజు ఊట పడింది. మొదటి చెంబు పట్టుకుని వెళ్ళత్తాయి మంచానికి నాలుగడుగుల దూరంలో ఆగిపోయింది. ఆ వీధి నీళ్ళు మా ఇళ్ళవాళ్ళు తాగే రోజులు కావవి. మామ లేచి వెళ్ళి ఆమె చేతిలోని చెంబు అందుకుని, అందరం చూస్తుండగా గటగటా తాగేసి మొహం చిట్లించాడు.

"ఉప్పు."

సెక్రటరీ గబుక్కున మంచం వంక చూశాడు.

"ఇంకొక చెంబు ఇయ్యి" అన్నాడు మామ. అదీ తాగి, మంచం తలకెత్తుకుని ఇంటికి నడిచాడు.