ఊడిన రెండు చీటీలు

ఇది ఏడేళ్ళ నుంచి నా ఛాతీ మీద ఉన్న బరువు. ముందు ఎందుకు రాయలేదంటే, నాకు రాయడం రాదు. ఇది నిజమే. కానీ సగం నిజం. అక్షరాలు వచ్చి రెండేళ్ళు దాటింది. రేషన్ కార్డు మీద పేరు చదువుతున్నాను, మందుల చీటీ చదువుతున్నాను. మా ఆడవాళ్ళ పొదుపు సంఘం లెక్కల పుస్తకంలో వేలిముద్ర మానేసి సంతకం పెడుతున్నాను. ఇది మాత్రం రాయలేదు. రెండేళ్ళ నుంచి నన్ను ఆపింది చదువు లేకపోవడం కాదు.

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్ళ ముందు నేను ఇప్పటికీ మంచిదాన్ని.

ఇల్లందులో ఒక కంప్యూటర్లు బాగు చేసే దుకాణంలో ఊడుస్తాను, తుడుస్తాను, టీ పెడతాను. మా ఇల్లు కారేపల్లి దగ్గర. పనిలో చేరిన రోజు దుకాణం సారు అడిగాడు, చదువు వచ్చా అని. సామాన్ల మీద చీటీలు ఉంటాయి, చూసి అందించాలి, చదువు రానివాళ్ళు నాకు వద్దు అన్నాడు. ఐదు చదివాను అని చెప్పాను. నోటికి ఐదే ఎందుకు వచ్చిందో తెలియదు. మూడంటే తక్కువనిపించింది, ఏడంటే భయం వేసింది.

చదువు రానివాళ్ళకు కొన్ని తెలివితేటలు ఉంటాయి. మీకు తెలియవు. పేర్లను తోకలు చూసి గుర్తుపట్టేదాన్ని. చివరి అక్షరం ఆకారం గుర్తుంటే చాలనుకునేదాన్ని. ఒకసారి తోక చూసి బస్సెక్కి టేకులపల్లిలో దిగాను. కారేపల్లికి, టేకులపల్లికి, సత్తుపల్లికి తోక ఒక్కటేనని నాకేం తెలుసు? ఆ తరువాత బస్సు దగ్గర ఎవరినో ఒకరిని అడిగేదాన్ని. కళ్ళు కనబడటం లేదని చెప్పి అడిగేదాన్ని. కానీ దుకాణంలో ఎవరిని అడగాలి? అడిగితే ఐదో తరగతి బయటపడుతుంది.

అక్కడ సారక్క పని చేసేది. టేకులపల్లి అవతల అడవిలో ఊరు ఆమెది, కోయవాళ్ళ పిల్ల. ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో. నన్ను అత్తా అని పిలిచేది. ఆమె చెయ్యి నిలకడ చూసి సారే ఆశ్చర్యపోయేవాడు. గోరంత స్క్రూను పట్టకారుతో తీసి, ఊపిరి బిగపట్టి, డబ్బా మూతలో పెట్టేది. ఒక్కటీ కింద పడేది కాదు. భద్రాచలంలో రెండో దుకాణం తెరిస్తే సారక్కనే కూర్చోబెడతానని సారు అందరి ముందూ అనేవాడు. ఆ మాట అన్నప్పుడల్లా ఆమె తల వంచుకుని ఇంకా జాగ్రత్తగా పని చేసేది.

ఆ ఎండాకాలం, పెళ్ళిళ్ళ రోజుల్లో, ఊళ్ళో ఫోటో స్టూడియో నడిపే ఆయన తన కంప్యూటర్ మోసుకొచ్చాడు. ఆన్ అవుతోంది, లోపల ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర మాత్రం నల్లగా ఉంది. పెళ్ళి వీడియోలన్నీ అందులోనే ఆగిపోయాయి. గ్రాఫిక్స్ కార్డు పోయిందని సారక్క తేల్చింది. తెర మీద బొమ్మ పడేలా చేసే పలక అది, రెండు చిన్న ఫ్యాన్లతో ఉంటుంది. సారు ఖమ్మం నుంచి సరిగ్గా అలాంటిదే, ఒకరు వాడి అమ్మినది తెప్పించాడు. సారక్క దాన్ని వేరే కంప్యూటర్‌లో పెట్టి చూసింది. బొమ్మ వచ్చింది. రెండు కార్డులనూ దుమ్ము లేకుండా శుభ్రం చేసి, పాత క్యాలెండర్ కాగితం చించి రెండు చీటీలు రాసి, టేపుతో అతికించింది. ఒకదాని మీద పోయింది. ఒకదాని మీద బాగుంది. ఆమె అతికిస్తుంటే నేను చూశాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

మరునాడు తన ఊళ్ళో అమ్మవారి కొలుపు ఉందని ఆమె రాలేదు. నేను బల్ల తుడుస్తున్నాను. కూలర్ తేమకు టేపు వదులైందో ఏమో, కార్డులు పక్కకు జరుపుతుంటే రెండు చీటీలూ ఊడి ఒకే చోట పడ్డాయి.

రెండూ చేతిలో పట్టుకుని నిలబడ్డాను. తోక చూశాను. రెండింటికీ ఒకే తోక. సున్నా, దాని పక్కన మరో అక్షరం. పోయింది, బాగుంది. ఇప్పుడు మీకు రాసి చూపిస్తున్నాను కాబట్టి మీకూ కనిపిస్తుంది. ఆ రోజు నాకు ఒకే గీత రెండుసార్లు గీసినట్టు కనిపించింది. కార్డులూ అంతే, కవల పిల్లల్లా ఉన్నాయి. సారు లోపల ఫోన్ మాట్లాడుతున్నాడు. సారూ చీటీలు ఊడినయ్ అంటే అయిపోయేది. మూడు మాటలు. అంటే, ఏ చీటీ ఏ కార్డుదో చూసే ఉంటవు, పెట్టక్కా, నువ్వు చదివినదానివే గదా అంటాడు. అప్పుడేం చెయ్యాలి?

కుడిచేతి చీటీ కుడివైపు కార్డుకు, ఎడమచేతి చీటీ ఎడమవైపు కార్డుకు అతికించాను.

మధ్యాహ్నం సారు పోయింది అని ఉన్న కార్డు తీసుకున్నాడు. పోయినదే కదా, వేడి పట్టి చూద్దాం, ప్రాణం వస్తే వచ్చింది, లేకపోతే చచ్చినదాన్ని మళ్ళీ చంపేదేముంది అని నవ్వాడు. వేడి గాలి గన్ను పెట్టి చాలాసేపు పట్టాడు. కాలిన వాసన వచ్చింది. నేను పక్కనే టీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాను. అప్పుడైనా చెప్పవచ్చు. సరిగ్గానే పెట్టానేమో అనుకున్నాను. అనుకోవడం కాదు, మొక్కుకున్నాను.

మరునాడు పొద్దున సారక్క వచ్చి బాగుంది అని ఉన్న కార్డు బిగించింది. స్టూడియో ఆయన వచ్చి కూర్చున్నాడు. తెర నల్లగానే ఉంది. మళ్ళీ తీసి మళ్ళీ పెట్టింది. నలుపే. సారు ఖమ్మం బిల్లు తీసి, దాని మీది నంబరును కార్డు మీది నంబరుతో పోల్చాడు. కలవలేదు. కాలిన కార్డు తీసి చూశాడు. అది కలిసింది. అంటే కాల్చింది మంచిదాన్ని.

"ఏంది సారక్కా ఇది?"

"నేను పెట్టి చూసినంకనే రాసిన సార్. మంచిగనే అతికిచ్చిన."

"అయితే చీటీలకు కాళ్ళొచ్చి నడిచినయా?"

స్టూడియో ఆయన నవ్వాడు. "అడవిల కంప్యూటర్లు కాస్తయా సార్? తునికాకు ఏరుకునేటోళ్ళను తెచ్చి కూసోబెట్టినవ్. గిట్లనే ఉంటది మరి."

సారక్క ఆయన వైపు చూడలేదు. నా వైపు తిరిగింది.

"అత్తా, నిన్న బల్ల తుడిచినవ్ గద. చీటీలు ఊడినయా?"

అడిగింది. అంతే, అడిగింది. నా మీద నింద వెయ్యలేదు.

"నేను ముట్టలే బిడ్డా" అన్నాను.

సారు నన్ను అడిగాడు. "అక్కా, నువ్వు చదివినదానివే గద. ఈ పిల్లనే అతికిచ్చిందా? నువ్వు చూసినవా?"

"అవ్ సార్. అతికిస్తుంటే చూసిన."

ఇది అబద్ధం కాదు. చూశాను. ఇన్నేళ్ళూ నేను పట్టుకుని వేలాడింది ఈ ఒక్క మాటను. అబద్ధం కాదు, అబద్ధం కాదు అని. నిజాన్ని కత్తిలా వాడితే అది ఇంకా నిజమేనా? ఆ పిల్ల నా ముఖం వైపు కాసేపు చూసింది. నేనే మార్చానని ఆమెకు తెలిసిందా? తెలియలేదని ఇప్పుడు నాకు తెలుసు. తెలిసి ఉంటే బాగుండేది.

సారు రేపటి నుంచి రావద్దన్నాడు. ఆమె తన పట్టకారు, రెండు స్క్రూడ్రైవర్లు గుడ్డలో చుట్టుకుంది. ఊళ్ళో ఉన్న మిగతా రెండు దుకాణాలకూ వెళ్ళిందట. మాట ఆమెకంటే ముందే అక్కడికి చేరింది. తరువాత మిరపకాయ ఏరడానికి ఆటోల్లో పోతోందని విన్నాను. భద్రాచలంలో దుకాణం తెరిచారు. అక్కడ వేరే ఎవరో కూర్చున్నారు.

ఇక నా చదువు సంగతి. సంఘం గదిలో మధ్యాహ్నం పూట ఒక టీచరమ్మ మా ఆడవాళ్ళకు అక్షరాలు నేర్పింది. ఒకరోజు చెప్పి రాయించింది. కరెంటు పోయింది. కూర బాగుంది. పలక మీద ఒకదాని కింద ఒకటి రాశాను. చెయ్యి ఆగిపోయింది. అప్పటిదాకా నాకొక సాకు ఉండేది. నేను ఆకారం గుర్తుపట్టే అతికించాను, ఆ పిల్లే మొదట తారుమారుగా రాసి ఉంటుంది అని. ఆ పలక మీద చూశాను, నేను గుర్తుపట్టిందేమీ లేదని. చదువు వస్తే కళ్ళు తెరుచుకుంటాయంటారు. నిజమే. ఏం చూడటానికి తెరుచుకుంటాయో మాత్రం ఎవరూ చెప్పరు.

అయినా రెండేళ్ళు ఊరుకున్నాను. ఎందుకు? పని పోతుందనా? సారు నన్ను నమ్ముతాడు, తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. ఆ నమ్మకం పోతుందనా? ఆ పిల్ల ఎక్కడో బతుకుతూనే ఉంది కదా అనా? అన్నీ అనుకున్నాను. ఏ జవాబూ నిలబడలేదు. నిలబడకపోయినా వాటితోనే రోజులు గడిచాయి.

మొన్న దవాఖానాలో వరుసలో నిలబడితే వెనుక నుంచి ఎవరో అత్తా అన్నారు. సారక్క. చంకలో పాప. వేళ్ళు మిరప మంటకు ఉబ్బి, చివర్లు పగిలి ఉన్నాయి. ఆమెకు నా మీద కోపం లేదు. నవ్వింది, మోకాళ్ళ నొప్పులు ఎట్లున్నయ్ అని అడిగింది. దుకాణం ఎట్లుంది అని అడిగింది. నేనే ఉండబట్టలేక, నువ్వు ఊళ్ళో ఏమన్నా బాగు చేస్తున్నావా బిడ్డా అన్నాను.

"లే అత్తా. మా ఊరోళ్ళు ఫోన్లు పట్టుకొస్తరు, జర చూడమంటరు. నేను ముట్ట. చెయ్యి వణుకుతది." పాపను ఇంకో చంకలోకి మార్చుకుంది. "గా రోజు ఎట్ల తప్పు రాసిన్నో ఇప్పటికీ సమజ్ కాదత్తా. మంచిగ రాసిన్ననే అనుకున్న. నా చెయ్యి నన్నే మోసం చేసింది."

నేను విన్నాను. నా వంతు వచ్చింది, లోపలికి వెళ్ళి మందులు తీసుకుని వచ్చేశాను.

ఆమె పని పోయిందనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. నేను తీసుకున్నది పనిని కాదు. ఆ చేతి నిలకడను. సారు ఆమెను నమ్మకపోతే ఇంకో సారు దొరికేవాడేమో. ఆమె తనను తానే నమ్మకుండా చేశాను. చేతిలో ఉన్నదాన్ని దొంగిలిస్తే తిరిగి ఇవ్వవచ్చు. దీన్ని ఎట్లా ఇస్తారు? తెలియదు. చెప్పడం ఒక్కటే తెలుసు.

ఇక్కడిదాకా నిన్న రాశాను. రాశాక కొంచెం ఊపిరి ఆడింది. అంతకుమించి ఏమీ జరగలేదు.

ఈ పొద్దున పనికి పోకుండా ఆమె ఊరికి వెళ్ళాను. వాకిట్లో పాపకు గంజి తాగిస్తోంది. కూర్చోమని మంచం వాల్చబోయింది. వద్దని నిలబడే చెప్పాను. అప్పుడు నాకు చదువు రాదని, చీటీలు ఊడాయని, తారుమారుగా అతికించానని, ముట్టలేదన్నది అబద్ధమని. ఏడవకుండా చెప్పాలనుకున్నాను. అది ఒక్కటి చెయ్యగలిగాను.

సారక్క గిన్నె కింద పెట్టింది.

"అయితే నేను రాసింది కరెక్టే?"

"కరెక్టే బిడ్డా."

"అతికిచ్చింది?"

"కరెక్టే."

"రెండూ?"

"రెండూ."

ఆమె తన చేతులు ఇటూ అటూ తిప్పి చూసుకుంది. నా వైపు చూడలేదు. ఇక అక్కడ ఉండటం బాగుండదని, పోయొస్త బిడ్డా అన్నాను.

"పో" అంది. రా అనలేదు. "పోయి సారుకు గూడ చెప్పు. ఆ స్టూడియో ఆయన ఉన్నప్పుడు చెప్పు."

బస్సు దిగి దుకాణానికి వెళ్ళాను. స్టూడియో ఆయన లేడు. వీధి చివర ఆయన స్టూడియో దాకా నడిచి, ఒకసారి మా దుకాణానికి రమ్మని పిలిచి, ఆయన వచ్చి కూర్చున్నాక ఇద్దరికీ చెప్పాను.