పళ్ళే అనుకున్న మూడు రోజులు

నా చిన్నప్పుడు, నాకు పదేళ్ళు నిండిన ఏడాది, మా తమ్ముడి నోట్లో వేలు పెట్టి పళ్ళు చూసే పని ఇంట్లో నాకు అప్పగించారు. ఆ పని ఎలా నేర్చుకున్నానో, దానితో ఏం చేశానో పూర్తిగా ఇప్పటిదాకా ఒక్కరికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

అప్పుడు మేము రాయపూర్‌లో, గుఢియారీ వైపు రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్ళం. నాన్న లోకో షెడ్డులో ఫిట్టరు. శ్రీకాకుళం దగ్గరి పల్లె నుంచి ఉద్యోగానికి వచ్చి, వెనకే అమ్మనీ నాయనమ్మనీ తెచ్చుకున్నాడు. నా తరవాత ఇద్దరు పుట్టి పోయారు. పదేళ్ళకి తమ్ముడు పుట్టాడు. వాడు తుమ్మితే ఇల్లంతా లేచి నిలబడేది.

గోడకి అవతల పక్కింటి అక్క. గుంటూరు వైపు క్రైస్తవుల అమ్మాయి, ఆస్పత్రిలో నర్సు, అన్నగారి క్వార్టర్లో ఉండేది. డ్యూటీ నుంచి రాగానే చేతులు మోచేతుల దాకా కడుక్కుని, ముందు మా తమ్ముణ్ణి ఎత్తుకుని, తరవాతే అన్నం తినేది.

తమ్ముడికి ఆరో నెల దాటాక చొంగ మొదలైంది. దొరికిందల్లా నోట్లో పెట్టుకునేవాడు, పాలు తాగుతూ తాగుతూ వదిలేసి ఏడ్చేవాడు, ఒక పక్క చెవి పట్టుకుని లాగేవాడు. చెవిపోటేమోనని అమ్మ భయపడింది. అక్క వాణ్ణి ఒళ్ళో వేసుకుని, నా చేతులు సబ్బుతో కడిగించి, గోళ్ళు తీసి, నా చూపుడువేలు పట్టుకుని వాడి కింది చిగురు మీద పెట్టింది. చిగురు ఉబ్బి, లోపల బియ్యపు గింజంత గట్టిగా ఏదో తగిలింది. వేలితో మెల్లగా రుద్దమంది. రుద్దుతుంటే వాడు ఏడుపు ఆపి, కళ్ళు సగం మూసి, నా వేలిని చప్పరించాడు. కాచి చల్లార్చిన నీళ్ళలో తడిపిన మెత్తటి గుడ్డ కొరకనివ్వమంది. చెంచాని చల్లటి నీళ్ళలో ఉంచి, దాని వీపు చిగురుకి ఆనించమంది. చొంగకి గడ్డం ఒరిసిపోకుండా అద్ది తుడిచి కాస్త కొబ్బరినూనె రాయమంది. నాయనమ్మ నడుముకున్న తాళం చెవి మాత్రం వాడి నోటికి ఇవ్వొద్దంది. నాయనమ్మకి అది నచ్చలేదు కానీ, వారం తిరక్కుండా కింద రెండు పళ్ళు తెల్లగా కనపడేసరికి మాట్లాడలేదు. ఆ రోజు నుంచి వాడి పళ్ళ సంగతి నన్నే అడిగేవారు. నేనూ పెద్దదాన్ని అయిపోయినట్టే తిరిగేదాన్ని.

వేసవి వచ్చింది. అక్క చెల్లెలి పెళ్ళికని సెలవు పెట్టి ఊరెళ్ళింది. బయట లూ, అదే వడగాడ్పు, కొడుతోంది. తలుపులు మూసుకుని, కిటికీలకి తడిపిన గోనెలు కట్టుకుని కూర్చునేవాళ్ళం. ఒక మంగళవారం పొద్దున తమ్ముడికి ఒళ్ళు వెచ్చబడింది. మధ్యాహ్నానికి నీళ్ళలా విరేచనాలు పట్టుకున్నాయి. గిన్నెలు తోమడానికి వచ్చే ఛత్తీస్‌గఢీ బాయి వాణ్ణి చూసి, "దాంత్ ఆవత్ హే, బాయీ" అని, పళ్ళొస్తున్నాయని తేల్చేసింది. నాయనమ్మ మాటా అదే. అమ్మ నా వైపు చూసింది. నేను చేతులు కడుక్కుని పైచిగురు తడిమాను. ఉబ్బి ఉంది, గట్టిగా ఉంది. పళ్ళేనని చెప్పాను. అమ్మ గట్టిగా ఊపిరి వదిలింది.

నాయనమ్మ అప్పుడే ఒక కట్టడి పెట్టింది. "పళ్ళొచ్చినప్పుడు పిల్లలకి పారకుండా ఉంటదేటి? నీళ్ళు పట్టకండి. పట్టిందల్లా కిందికే పోతాది." పాలు కూడా తగ్గించమంది. అమ్మ సరేనంది. నేను మాత్రం అక్క చెప్పినట్టు చెంచా చల్లబరిచి చిగురుకి ఆనిస్తూ కూర్చున్నాను. వాడు చెంచా మీద ఉన్న తడిని ఆబగా నాకేవాడు. చిగురుకి హాయిగా ఉన్నట్టుంది అనుకున్నాను.

బుధవారం వాడి ఏడుపు సన్నబడింది. కళ్ళలో నీళ్ళు రావడం లేదు. నాయనమ్మ దాన్ని మంకు ఏడుపంది. నేను దానికీ సంతోషించాను, తగ్గుతోందని. అమ్మ మనసు మాత్రం ఒప్పుకోలేదు. నాన్న షెడ్డుకి వెళ్ళిపోయాక చీర మార్చుకుని, ఆస్పత్రికి తీసుకెళదామని బిడ్డని గుడ్డలో చుట్టింది. ఈ గాడ్పులో పసిగుడ్డుని బయటికి తీస్తావా అని నాయనమ్మ గుమ్మంలో అడ్డం నిలబడింది. అమ్మ ఎటూ తేల్చుకోలేక నన్ను పిలిచింది.

"అమ్మీ, మరోసారి చూడవే. నువ్వు చెబితే నాకు ధైర్యంగా ఉంటాది."

నేను చూశాను. పైచిగురు చీల్చుకుని పన్ను అంచు నా వేలికి గీసుకుంది. "పన్ను బయటికొచ్చిందమ్మా. ఇంక తగ్గిపోతాది" అన్నాను. అమ్మ చుట్టిన గుడ్డ విప్పి వాణ్ణి మళ్ళీ ఉయ్యాల్లో వేసింది.

శుక్రవారం మధ్యాహ్నం అక్క ఊరి నుంచి వచ్చింది. రిక్షాలోంచి ట్రంకుపెట్టె ఇంకా దించలేదు. గోడ దగ్గర ఆగి, "బాబు గొంతు వినపడట్లేదేంటి పిన్నిగారూ?" అంది. పళ్ళొస్తున్నాయి, నీరసంగా పడుకున్నాడని అమ్మ చెప్పింది. అక్క లోపలికొచ్చి వాడి నోట్లో వేలు పెట్టింది. పళ్ళ జోలికి వెళ్ళనేలేదు. నాలుక తడిమింది. పొట్ట మీద చర్మం రెండు వేళ్ళతో పట్టి వదిలింది. ఆ మడత అలాగే నిలబడిపోయింది. పొద్దుటి నుంచి ఒంటికి పోసి ఎన్ని గుడ్డలు తడిపాడని అడిగింది. ఎవరమూ లెక్కపెట్టలేదు.

"పళ్ళొచ్చే బిడ్డకి నోరు ఊరుతుంది పిన్నిగారూ. వీడి నోరు ఎండిపోయింది. ఇది పళ్ళు కాదు."

అదే రిక్షాలో ముగ్గురం ఎక్కాం. అక్క వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని దారి పొడుగునా చెంచాతో నీళ్ళు చుక్క చుక్కగా పోస్తూనే ఉంది. కొన్ని లోపలికి వెళ్ళాయి, కొన్ని పెదవి పక్క నుంచి కారిపోయాయి. ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించడానికి వాడి చేతుల్లో, కాళ్ళలో, చివరికి తలలో కూడా నరం కోసం వెతికారు. దొరికింది కానీ, వాడు దక్కలేదు. షెడ్డు నుంచి నాన్న పరుగున వచ్చేసరికి ఎండ ఇంకా పూర్తిగా తగ్గలేదు.

మా ఇంట్లో ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు. నాయనమ్మ మాట్లాడటమే తగ్గించేసింది. అమ్మ నన్ను ఎప్పటిలాగే జడ వేసి బడికి పంపింది. నువ్వే కదా చెప్పావు అని ఒక్కసారి అని ఉంటే ఏడ్చేదాన్నేమో. అనలేదు. ఆ తరవాత మా ఇంట్లో పిల్లలు పుట్టలేదు.

పది రోజులయ్యాక అక్క దగ్గరికి వెళ్ళి ఉన్నదంతా చెప్పాను. అమ్మ ఆస్పత్రికి బయల్దేరితే ఆపింది నేనేనని చెప్పాను. ఓదారుస్తుందనుకున్నాను. అక్క నన్ను తన పక్కన కూర్చోబెట్టుకుంది.

"నీకు సగమే నేర్పాను. పన్ను ఎలా ఉంటుందో చెప్పాను. పన్ను కానిది ఎలా ఉంటుందో చెప్పలేదు. ఆ తప్పు నాది" అంది. తరవాత నా చెయ్యి తీసుకుని, చర్మం పట్టి వదిలి చూపించింది. మాడు లోపలికి గుంట పడినా, కన్నీళ్ళు లేకుండా ఏడ్చినా, నాలుక ఎండినా, ఒంటికి పోసి గుడ్డ తడపకపోయినా, ఒళ్ళు కాలిపోతున్నా దాన్ని పళ్ళ మీదికి తోసెయ్యకూడదంది. పన్ను నిజంగా వస్తున్నా సరే, రోగం పక్కనే ఉండొచ్చంది. విరేచనాలైతే నీళ్ళూ పాలూ ఆపకుండా పడుతూ, ఆ క్షణమే ఆస్పత్రికి బయల్దేరాలంది.

"ఇప్పుడు నాకెందుకక్కా ఇదంతా?" అన్నాను.

"వినమ్మా" అంది. ఏడుస్తూనే విన్నాను. మరుసటేడు వాళ్ళ అన్నగారికి బదిలీ అయి వెళ్ళిపోయారు. మళ్ళీ చూడలేదు.

తరవాత పెళ్ళయి రాయపూర్‌లోనే టాటీబంధ్‌లోనూ, తెలీబంధాలోనూ కాపురం చేశాను. చుట్టుపక్కల ఏ ఇంట్లో పసిబిడ్డ ఏడుస్తున్నా వెళ్ళి రెండు సగాలూ చెప్పాను. చాలామంది తలూపి, వాళ్ళ అత్తగారు చెప్పిందే చేశారు. కొందరు విన్నారు. వినని రెండిళ్ళకి ఆ తరవాత నేను వెళ్ళలేకపోయాను. ఒక్క బిడ్డ బతికినా నా బరువు కాస్త దిగుతుందని వయసులో ఉన్నప్పుడు అనుకునేదాన్ని. బతికిన పిల్లలు ఉన్నారు. బరువు దిగలేదు. అది అలా దిగేది కాదని ఇప్పుడు తెలుసు. అయినా చెప్పడం మానలేదు.

ఇంత వివరంగా ఎక్కడ నేర్చుకున్నారు ఆంటీ అని ఈ కాలం అమ్మాయిలు అడుగుతారు. పక్కింటి అక్క నేర్పిందంటాను. ఎప్పుడు నేర్పిందో మాత్రం చెప్పను.